వియ్యపురాలమ్మవారి పాట

ఆ రోజుల్లో భిలాయ్‌లో పెరిగిన తెలుగు పిల్లల దగ్గర పాటలు బోలెడు ఉండేవి, అర్థాలే ఉండేవి కావు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఆ ఇంట్లో తెలుగైనా అన్నం, పప్పు, స్నానం, చెంపదెబ్బ వరకే. ప్రేమ, విరహం లాంటి పెద్ద విషయాలు మాట్లాడుకోవాలంటే మాకు హిందీయే గతి. అయినా సినిమా పాటలు మాత్రం తెలుగువే తెగ పాడేవాళ్ళం, ధాటిగా, ఒక్క ముక్క అర్థం కాకుండా. మా బాబాయి ఊరి శివార్లలో కోహ్కాలో కొత్తిల్లు కట్టుకున్నప్పుడు ఆయన కొడుకు చింటూ గృహప్రవేశానికి పెద్ద స్పీకర్లు తెచ్చి, తెల్లవారుతూనే ఒక తెలుగు పాట పెట్టాడు. దరువు బ్రహ్మాండం. పిల్లలు గెంతుతున్నారు, పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంతలో మా అత్త లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఒరే, ఆపరా ముందు! ఈ కొంపలో ఉండలేను, ఎల్లిపోతన్నానని ఏడుస్తన్నాడురా ఆ పాటలో ఆడు!" అంది. చింటూ తెల్లబోయి, "కానీ బీట్ అచ్ఛా హై కదా అత్తా!" అన్నాడు.

పెద్దవాళ్ళేం తక్కువ తినలేదు. మా నాన్నకి హిందీ పాటల్లో ఒకటి ప్రాణం. అందులో వెనకాల సన్నాయి వినిపిస్తుంది కాబట్టి అది పెళ్ళిపాటేనని ఆయన తీర్మానించుకున్నాడు. తను పనిచేసే ఉక్కు ప్లాంటులోని ఏ స్నేహితుడి ఇంట్లో పెళ్ళి జరిగినా బరాత్‌లో ముందు నడుస్తూ ఆ పాటే కూనిరాగం తీసేవాడు. ప్రేయసికి వేరేవాడితో పెళ్ళయిపోతుంటే వీధిలో నిలబడి ఏడ్చేవాడి పాట అది. (పెళ్ళికొడుకుల తండ్రులు నాన్న వైపు ఎందుకలా అనుమానంగా చూసేవారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.)

ఇలాంటి వంశంలో పుట్టినవాణ్ణి కనుక నాకూ ఒక పాట ఉండేది. నా చిన్నప్పుడు నాన్నది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, అమ్మ ఆస్పత్రిలో నర్సు. నన్ను చూసుకోవడానికి విజయనగరం దగ్గర పల్లె నుంచి అమ్మమ్మ వచ్చి మాతోనే ఉండిపోయింది. సాయంత్రం డ్యూటీకి అమ్మ వెళ్ళిపోయాక, సెక్టర్ నాలుగులోని మా క్వార్టర్లో నన్ను పక్కన పడుకోబెట్టుకుని వీపు మీద తడుతూ పాడేది. ఒక పాట కాదు, చాలా పాడేది. కానీ నాకు బాగా నచ్చింది ఇది:

వచ్చె వచ్చె వియ్యపురాలమ్మ – వాకిట్లో పీట వెయ్యరమ్మ
పీట చాలదు బల్ల వెయ్యరే – బల్ల విరిగితే బండ వెయ్యరే
గారెలు తెస్తే గంప చాలదు – బూరెలు తెస్తే బుట్ట చాలదు
మూతి చూస్తే ముప్పై వంకర్లు – ముద్దుగ చూడ రారండమ్మ

వియ్యపురాలు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాగా నేను వినలేదు. మా వాళ్ళందరూ భిలాయ్ అలవాటు ప్రకారం సమ్‌ధీ, సమ్‌ధన్ అనే అనేవారు. పైగా విజయనగరం వైపు ఊరూరా అమ్మవార్లు ఉంటారని, వాళ్ళ పేర్లన్నిటికీ చివర అమ్మ అని ఉంటుందని నాకు తెలుసు. అందుచేత వియ్యపురాలమ్మ ఒక అమ్మవారని నేను స్వయంగా కనిపెట్టాను. ఆలోచించిన కొద్దీ ఆధారాలు దొరికాయి. అమ్మవారు వస్తోంది, ఆసనం వేస్తున్నారు. చెక్కది కుదరక రాతి మీద ప్రతిష్ఠించారు. గంపలకొద్దీ గారెలు, బూరెలు నైవేద్యం. ఇక మూతి వంకర్లంటారా, అది ఉగ్రరూపం. ఏ లంకె దగ్గరా నా సిద్ధాంతం వీగిపోలేదు. అమ్మమ్మని ఒకసారి అడగబోతే, "మాటాడకుండా కళ్ళు మూసుకోరా గుంటడా" అంది. అదీ భక్తిలో భాగమే అనుకున్నాను. తర్వాత కొన్నాళ్ళకే అమ్మమ్మ పోయింది. పాట, సిద్ధాంతం నా దగ్గర భద్రంగా ఉండిపోయాయి.

నాకు ప్లాంటులో ఉద్యోగం పర్మనెంటయిన కొత్తలో ఒక అమ్మాయి పరిచయమైంది. మా సెక్టర్లో తెలుగువాళ్ళు వినాయకుడి పందిరి వేస్తే, మైకులో ప్రకటనలు చదివే పని నాకు అంటగట్టారు. తెలుగు ప్రకటనల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదివేవాణ్ణి. ఆ అమ్మాయి వచ్చి, "భయ్యా, మీరు చదివేది మా నాయనమ్మకి అర్థం కావట్లేదట. ఏ భాషో కనుక్కుని రమ్మంది" అంది. ఆ 'భయ్యా'తో నా గుండెలో రాయి పడింది గానీ పందిరి ఎత్తేసే నాటికి ఆ పిలుపు మాన్పించగలిగాను. భిలాయ్‌లోనే మరోదాలో వాళ్ళిల్లు. తండ్రి రైల్లో గార్డు, తాత కూడా రైల్వేలోనే చేసి పోయాడు. అమ్మాయి మా సెక్టర్లోనే చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. మేం పెళ్ళి చేసుకుందామనుకున్నాం. అనుకున్నది హిందీలోనే.

చిక్కల్లా ఆ నాయనమ్మతో వచ్చింది. చింటూ ఆవిడకి సిగ్నల్ మామ్మ అని పేరు పెట్టాడు, ఆవిడ రెక్క దించితే గానీ ఆ ఇంట్లో ఏ బండీ కదలదు కాబట్టి. శ్రీకాకుళం నుంచి కొత్తకోడలిగా వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ హిందీ రానట్టే ఉండేది. (వచ్చు. కూరల బండివాడితో బేరమాడుతుండగా నేనే విన్నాను. వాడు పాపం ఏడుపొక్కటే తక్కువ.) అంతకుముందు రాయపూర్ నుంచి ఒక సంబంధం వస్తే, మామ్మ ఆ కుర్రాణ్ణి "భోంచేసినావా బావూ?" అని అడిగిందట. వాడు "హా జీ" అన్నాడట. అంతే, ఎర్ర లైటు. "హాజీ అంట, హాజీ! రేపు నాను మంచాన పడితే ఈడితో ఏటి సెప్పుకోవాల?" అని కాఫీలు కూడా పూర్తికాకముందే పంపించేసిందట.

ఈ కథ ఆ అమ్మాయి నాకు ఫోన్లో చెప్పి, చివర ఏడ్చింది. "చూడు, నాన్న నాయనమ్మ మాట దాటరు. నేనూ దాటలేను. ఎలాగైనా తెలుగులో నెట్టుకురా. ప్లీజ్" అంది. తను ఏడవడం నేను వినడం అదే మొదటిసారి. చింటూ దగ్గరికి పరుగెత్తాను. వాడు చాయ్ తాగుతూ దీర్ఘంగా ఆలోచించి, "వాళ్ళు క్వశ్చన్ అడిగేలోపల నువ్వే ఒక భజన్ పాడెయ్ భాయ్. భజన్ పాడేవాణ్ణి ఎవడు ఫెయిల్ చేస్తాడు?" అన్నాడు. నాకు తెలుగులో మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వచ్చిన భక్తిగీతం ఒక్కటే. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బాత్‌రూంలో కుళాయి విప్పి మరీ సాధన చేశాను.

పెళ్ళిచూపులకి అమ్మా నాన్నా నేనూ మరోదా వెళ్ళాం. మా అమ్మ మనిషి కొంచెం భారీ. ఆ మాట ఎవరైనా అంటే ఊరుకోదు, మేం అనేవాళ్ళం కూడా కాదు. గుమ్మంలోనే ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అమ్మ కూర్చోగానే దాని కాళ్ళు రెండు పక్కలకీ జరగడం మొదలుపెట్టాయి. గార్డుగారు కంగారుగా లేచి, "అమ్మగారూ, ఇలా సోఫాలోకి రండి" అన్నారు. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుని సోఫాలోకి మారింది. అందులో నడిమి పలక కూడా కిర్రుమంది. అప్పుడు గార్డుగారు చొరవ చేసి గదిలోనే గోడ పక్కనున్న సిమెంటు అరుగు మీద దుప్పటి పరిచి, "ఇక్కడ గాలి బాగా వస్తుందండీ" అన్నారు. అమ్మ వెళ్ళి అరుగు మీద కూర్చుంది. లోపల్నుంచి వేడి గారెలు వచ్చాయి. అమ్మకి గారెలంటే ఇష్టం, మొహమాటం లేకుండా తింది. ఇదంతా ఎక్కడికి దారి తీస్తోందో గ్రహించగల తెలుగు నా దగ్గర లేకపోయింది.

సిగ్నల్ మామ్మ నా ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆ అమ్మాయి తలుపు పక్క నిలబడి పైట కొస మెలిపెడుతోంది.

"ఏటి బావూ, కూరల్లో నీకేటిష్టం?" అంది మామ్మ.

తేలిక ప్రశ్నే. కానీ నోటికి వచ్చింది భిండీ ఒక్కటే. దాన్ని తెలుగులో ఏమంటారో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. "అదే మామ్మగారూ... పచ్చగా, పొడుగ్గా ఉంటుంది. కోస్తే జిగురు..." అన్నాను. గార్డుగారు కిటికీలోంచి బయటికి చూశారు.

"బెండకాయ పేరు తెల్దు" అంది మామ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "కోపం తెచ్చుకోకు బావూ. పిల్లడివి మంచోడివిలాగే ఉన్నావు. కానీ మావోడెప్పుడూ రైలు మీదే, నా పక్కన కూచుని తెలుగులో మాటాడీది ఈ గుంట ఒక్కర్తే. దీన్ని పట్టుకెళ్ళి నీకిచ్చీస్తే, రేపు మీ ఇంట్లో ఇదీ హిందీయే మాటాడతాది. నాకింక మనుషులెవరు మిగుల్తారు?" అంది.

ఇందులో వెటకారం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. తలుపు దగ్గర ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇక ఆలస్యం చేస్తే పని జరగదనిపించి, "మామ్మగారూ, నేనొక పాట పాడతాను. మా అమ్మమ్మ పాడేది" అన్నాను.

అమ్మ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. వాళ్ళమ్మ పాట కొడుకు నోట వస్తుందనేసరికి చేతిలో గారె ప్లేటులో పెట్టేసి నిటారుగా కూర్చుంది. నేను చెప్పులు దూరంగా జరిపి, మఠం వేసుకుని, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాను. అమ్మవారిని మనసులో తలుచుకున్నాను. తర్వాత మంచి నెమ్మది మీద, అక్షరం అక్షరం పలుకుతూ ఎత్తుకున్నాను: "వచ్చె వచ్చె వియ్యపురాలమ్మ..."

తర్వాత ఏం జరిగిందో ఆ అమ్మాయి చెప్పగా తెలుసుకున్నదే. పీట చాలదన్నప్పుడు నాన్న దగ్గారట. బల్ల విరిగితే బండ వెయ్యమనేసరికి గదిలో అందరి కళ్ళూ అరుగు వైపు తిరిగి, మళ్ళీ గబుక్కున కిందికి దిగిపోయాయట. గారెల దగ్గర అమ్మ చేతిలో ప్లేటు కింద పెట్టేసిందట. మూతి వంకర్ల చరణం నాకు చాలా ఇష్టం కాబట్టి దాన్ని రెండుసార్లు పాడాను. పాడి, కళ్ళు తెరిచి, ప్రసాదం పంచినంత తృప్తిగా అందరినీ చూశాను.

ఒక్కరి ముఖంలోనూ భక్తి కనిపించలేదు. అమ్మ అరుగు దిగి, హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. "పదండి" అంది నాన్నతో. నా వైపు చూడలేదు.

"అమ్మా, ఏమైంది? దేవుడి పాట కదా!" అన్నాను.

"దేవుడి పాటేటి బావూ?" అంది మామ్మ.

నేను నా సిద్ధాంతం మొత్తం విప్పి చెప్పాను. రాతి ప్రతిష్ఠ, నైవేద్యం, ఉగ్రరూపం, ఏదీ వదల్లేదు. వింటూ వింటూ మామ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. పీట మీద నుంచి పక్కకి ఒరిగిపోయి నవ్వింది. "ఓలమ్మో! వియ్యపురాలంటే అమ్మోరు కాదురా బావూ, మీ అమ్మరా! పెళ్ళికొడుకు తల్లి వస్తే, ఆడపిల్ల వైపోళ్ళం మేం పాడతాం ఈ పాట, ఆట పట్టిస్తూ. నువ్వు మా పక్క పాట పాడీసినావురా, మా ఇంట్లో కూచుని, మీ అమ్మ మీదే!"

అమ్మ అప్పటికే గుమ్మం దగ్గరికి చేరింది. ఆ అమ్మాయి రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది. గార్డుగారు ఎవరిని ఆపాలో తెలియక మధ్యలో నిలబడిపోయారు. పెళ్ళి సంగతి సరే, ఇంటికెళ్ళాక అమ్మ నాతో మళ్ళీ మాట్లాడుతుందా అన్నది నాకు పట్టుకున్న దిగులు.

అప్పుడు మామ్మ నవ్వు ఆపుకుని, కూర్చున్న చోటి నుంచే గట్టిగా కేకేసింది. "ఏటమ్మా వియ్యపురాలా! పాటకి పాట సెప్పకుండా గుమ్మం దాటితే ఓడిపోయినట్టే. మీ విజీనారం వైపు ఆ కట్టు లేదేటి?"

అమ్మ ఆగింది. ఆ పిలుపు ఆ గదిలో ఇంకెవరు గమనించారో తెలియదు గానీ, ఆ అమ్మాయి ముఖం మీద నుంచి చేతులు తీసేసింది. ఆ పాట సంబంధం కలుపుకున్నాకే పాడతారట. కలవనివాళ్ళని ఆట పట్టించే హక్కు ఎవరికీ ఉండదు. వియ్యపురాలా అని పిలిచినావిడ, పాటకి పాట అడిగినావిడ, పిల్లని ఇవ్వనని ఎలా అంటుంది?

అమ్మ వెనక్కి తిరిగింది. బ్యాగు భుజానే ఉంది. తర్వాత నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వినని గొంతుతో, చెయ్యి ఊపుతూ ఎత్తుకుంది:

గంప గంపని గొప్పలెందుకే – గారెలో పప్పు ఏదమ్మ
బుట్ట బుట్టని పాటలెందుకే – బూరెలో పూర్ణమేదమ్మ

నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకీ అదే మొదటిసారి. మామ్మ చప్పట్లు కొట్టి, "అదీ! అదీ దెబ్బంటే!" అని తొడ చరుచుకుంది. ఇంతలో వంటింట్లోంచి ఆ అమ్మాయి తల్లి గరిటెతో సహా బయటికి వచ్చింది. ఆవిడా మాలాగే భిలాయ్‌లో పుట్టి పెరిగిన మనిషి. ముఖం కందిపోయి, "అదేంటి వదినగారూ, పప్పు లేదంటారా! కేజీ మినప్పప్పు రుబ్బానండీ, ఒట్టు, కసమ్ సే!" అంది. ఆ దెబ్బకి అమ్మకి కూడా నవ్వొచ్చేసింది. నవ్వుతూ వచ్చి అరుగు మీదే కూర్చుని, మిగిలిన గారె తీసుకుంది.

మామ్మ నన్ను దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను తలొంచుకుని, "నాకు అర్థం తెలీదు మామ్మగారూ" అన్నాను. "తెలకపోతే ఏటి? పాట ఉంది కదా నీకాడ. అర్థం నాను సెప్తాన్లే" అంది. మర్నాడే ముహూర్తాలు చూడ్డానికి మనిషిని పంపారు.

పెళ్ళిచూపుల నుంచి తిరిగి వస్తూ ఆటోలో అమ్మ పక్కన కూర్చున్నాను. నేను క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. సెక్టర్లోకి మలుపు తిరిగాక అమ్మే అంది: "మా ఊర్లో ఏ పెళ్ళయినా అమ్మే ముందు ఎత్తుకోవాలిరా. అమ్మ గొంతు లేకపోతే పెళ్ళి కళే రాదనీవారు. ఇక్కడికొచ్చాక దాన్ని పాడమని ఎవరడిగారు? పెళ్ళిళ్ళలో బ్యాండు, డీజే. నాకా ఎప్పుడూ డ్యూటీలే. పాడ్డం మానీసిందనుకున్నాను." నా వైపు తిరిగి, "నీకు పాడేదా?" అంది. రోజూ పాడేదన్నాను. "ఇంకేటేటి పాడేది?" అని అడిగింది.

ఇంటికి వెళ్ళాక, చీర కూడా మార్చుకోకుండా అమ్మ నా ఎదురుగా కూర్చుంది. నేను గుర్తున్నవన్నీ ఒక్కొక్కటే పాడాను, అమ్మ అర్థాలు చెప్పింది. నా భక్తి సాహిత్యం ఒక్క పూటలో కుప్పకూలింది. నేను తపస్సు చేసుకునే ముని అనుకున్నవాడు అత్తారింట్లో పని తప్పించుకుని పడుకున్న అల్లుడు. గుడి మెట్ల పాట అనుకున్నది ఆడపడుచు నగల మీద ఎత్తిపొడుపు. ఒక్కొక్క పాటకీ అమ్మ ముందు నవ్వేది, తర్వాత కళ్ళు తుడుచుకునేది. కొన్ని పాటలు తను ఎప్పుడూ విననివట. వాళ్ళమ్మ పాటలు తనకి నా దగ్గర దొరికాయి, నాకు వాటి అర్థాలు తన దగ్గర దొరికాయి. మాకు ఆ సంగతి తెలియడానికి నేను ఒక గది నిండా మనుషుల ముందు పరువు పోగొట్టుకోవలసి వచ్చింది.

ఇప్పుడు నాకు బెండకాయ వచ్చు. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పింది. ఏ పెళ్ళిలోనైనా వియ్యపురాలి పాట నేనే ఎత్తుకుంటాను, ఏ పక్క వాళ్ళు పాడాలో ముందే కనుక్కుని మరీ. జనం నవ్వుతారు కూడా. కానీ ఒక్క మాట మాత్రం మా ఆవిడకి కూడా చెప్పలేదు. ప్లాంటు ఇంటర్వ్యూకి వెళ్ళేముందు నేను గేటు బయట నిలబడి, కళ్ళు మూసుకుని, ఉద్యోగం వస్తే గంపెడు గారెలు పెడతానని వియ్యపురాలమ్మకి మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చింది. తర్వాత కోరుకున్న అమ్మాయినీ ఆవిడే ఇప్పించింది. అన్ని అర్థాలూ తెలిసిన ఇప్పటి నేను ఏదైనా కష్టం వచ్చినప్పుడు అంత నమ్మకంగా దణ్ణం పెట్టుకోవాలంటే ఎవరికి పెట్టుకోవాలో తెలియక, గేటు బయట మొక్కుకున్న ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.